నలభై ఏడు ఖాళీ గడులు

సైరన్ బాబాయి ఎక్కిన అంబులెన్సులో ఎవరూ చనిపోరని మా పేటలో అందరి నమ్మకం. ముప్పై ఒక్క ఏళ్ళు రోగుల పక్కన కూర్చుని ప్రయాణించిన ఆ పారామెడిక్ ఈ నెలాఖరుకు ఉద్యోగ విరమణ చేస్తున్నాడు. సెలవు దొరికిన ప్రతి సాయంత్రం పేట సంఘం హాల్లో, ఆగిన గుండెను ఎలా నొక్కాలో ఉచితంగా నేర్పుతాడు. హాలు పక్క గదిని శాశ్వతంగా ఆ శిక్షణకే ఇచ్చి, తలుపు మీద "ఈయన చేతిలో ఒక్క ప్రాణమూ పోలేదు" అని ఇత్తడి ఫలకం బిగించాలని సంఘం ఆలోచన. సంఘం అధ్యక్షురాలు నా చెల్లెలు. గణాంకశాస్త్రం బోధించి రిటైరైన నన్ను ఆ మాట సరిచూసి సంతకం పెట్టమంది.

"తప్పని తేలితే?"

"నీ నోట మంచి మాట రాదు కదా అన్నయ్యా! కాగితాల్లో మోసం ఉంటే గదీ లేదు, ఫలకమూ లేదు. శనివారం ఓటింగు. ఈలోగా తేల్చు."

ముప్పై ఒక్క ఏళ్ళలో సున్నా. అలాంటి సున్నా కనబడితే నాకు భక్తి కలగదు, అనుమానం కలుగుతుంది.

అంబులెన్సు కార్యాలయంలో ప్రతి ప్రయాణానికీ ఒక కాగితం ఉంటుంది. ఎక్కించిన సమయం, శ్వాస, నాడి, ఆసుపత్రికి అప్పగించినప్పటి స్థితి అందులో రాయాలి. ఆయన చేరిన ఏడాది కట్ట అటక మీద ఉందన్నారు. మిగతావన్నీ చదివాను. తేలికపాటి కేసులు ఏరుకున్నాడేమోనని మొదట అనుకున్నాను. కాదు. గుండెపోటు కేసులు తోటివారికంటే ఆయనకే ఎక్కువ. తోటివారి కాగితాల్లో 'దారిలో మృతి' అన్న మాట అక్కడక్కడా ఉంది. ఆయన కాగితాల్లో ఎక్కడా లేదు.

రెండో రోజు కంటబడింది. నిమిషంతో సహా గడులు నింపే మనిషి, నలభై ఏడు కాగితాల్లో చివరి నాడి గడిని ఖాళీగా వదిలేశాడు. వాటిని ఆసుపత్రి రిజిస్టరుతో సరిపోల్చాను. నలభై ఏడు చోట్లా ఒకే మాట: 'తెచ్చేసరికే మృతి'.

ఆయనతో ఇరవై ఏళ్ళు బండి నడిపిన డ్రైవరు షెడ్డులో టైర్లకు గాలి కొడుతున్నాడు.

"ఈ గడులు ఎందుకు ఖాళీగా ఉన్నాయి?" అని అడిగాను.

"నా కళ్ళు రోడ్డు మీద ఉంటాయి సార్, వెనకాల సంగతి నాకేం తెలుసు? 'మెల్లగా పోరా, చేతులు జారుతున్నాయి' అంటాడు బాబాయి. మరుక్షణం 'నిద్రపోతున్నావట్రా, తొక్కు' అంటాడు. ఏది వినాలో ఆ దేవుడికే ఎరుక."

"రాయొద్దని ఎవరైనా చెప్పారా?"

డ్రైవరు నవ్వు ఆపి లేచాడు. "ఆయన్నే అడగండి. ఆయన ముందు అడగలేనిది నన్ను అడక్కండి."

ఆ సాయంత్రం హాల్లో రబ్బరు బొమ్మ చుట్టూ పదిమంది ఉన్నారు.

"గట్టిగా నొక్కు వదినా, పిండి పిసకడం కాదు. ఎముక విరిగినా అతుక్కుంటుంది," అంటున్నాడు సైరన్ బాబాయి.

"మీ చెయ్యి విరిస్తే తెలుస్తుంది, అతుక్కుంటుందో లేదో!" అందావిడ.

అందరూ వెళ్ళాక కాగితాలు బల్ల మీద పరిచాను. ఆయన ఒక్కటీ ముట్టుకోలేదు.

"గది పోతుందా మాస్టారూ?"

"ముందు జవాబు చెప్పండి."

"మృతి అని రాయాల్సింది డాక్టరు. నేను కాదు."

"నాడి లేదని రాయడానికి డాక్టరు అక్కర్లేదే."

ఆయన బొమ్మ పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"ఒకసారి రాశాను. చేరిన ఏడాదే. ఓ పెద్దావిడ. నాడి నా వేళ్ళకి అందలేదు. లేదని రాశాను, మృతి అని రాశాను, చేతులు తీసేశాను. ఆసుపత్రిలో నర్సు మెడ మీద వేలు పెట్టి 'బతికే ఉంది కదయ్యా' అంది. అప్పట్నుంచీ ఆ గడిలో 'లేదు' అని రాస్తే నా చేతులు ఆగిపోతాయని భయం. డాక్టరొచ్చి నన్ను పక్కకి నెట్టేదాకా నొక్కుతూనే ఉంటాను."

"మరి ఒక్క ప్రాణమూ పోలేదని జనం అంటుంటే?"

"కాదన్నాను. వినలేదు. తర్వాత కాదనడం మానేశాను. అబద్ధమెందుకు, వినడానికి బాగానే ఉండేది."

చక్కగా అతికే సంజాయిషీలు నేను చాలా విన్నాను. మర్నాడు అటక మీది కట్ట దింపించాను. మధ్యాహ్నానికి ఆ కాగితం దొరికింది. నాడి: లేదు. స్థితి: దారిలో మృతి. కింద ఆయన సంతకం. ఆసుపత్రి రిజిస్టరులో అదే తేదీన అదే పేరు ఉంది. పంతొమ్మిది రోజుల తరువాత డిశ్చార్జి.

శనివారం సంఘం ముందు మొత్తం చదివాను.

"ఆ పాత కాగితం తవ్వి తీయకపోతే ఏం పోయేది అన్నయ్యా?" అంది చెల్లెలు, మెల్లగా.

"అది లేకపోతే మిగతా నలభై ఏడింటికీ మోసమనే పేరే మిగులుతుంది."

"బతికున్నావిడని చచ్చిందని రాసినవాడికా గది?" అన్నాడొక సభ్యుడు.

గది ఇవ్వాలని నలుగురు, వద్దని ముగ్గురు చేతులెత్తారు. ఫలకం మీది వాక్యాన్ని మార్చారు: "ముప్పై ఒక్క ఏళ్ళు అంబులెన్సులో పనిచేశారు. వీరి వాహనంలో నలభై ఏడుగురు మరణించారు. బతికున్న ఒకరిని మరణించారని పొరబడ్డారు. గుండె నొక్కడం ఈ గదిలో నేర్పుతారు." మంగళవారం తరగతికి పద్నాలుగు మంది వచ్చారు.