పడవలు కదిలే వేళ

"పడవలు పోయిందాకా తలుపు తీయబాక తిరుమలా" అనేది మా అత్త ఆనందమ్మ. ఆమె పెద్ద కొడుకు, నా భర్త, జ్వరంతో చనిపోయిన ఏడాది నుంచీ అదే మాట. కోపంగా అనేది కాదు. బియ్యం చేట నా ముందుకు జరుపుతూ, మామూలుగా అనేది. ఆమె కూడా నాకంటే ఎంతో ముందే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. మాలాంటి వాళ్లు పడవకు ఎదురొస్తే వల ఖాళీగా వస్తుందని ఊరి నమ్మకం. అందుకని, పులికాట్ సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక మీదున్న మా ఊళ్లో, రోజూ తెల్లవారుతూనే మేమిద్దరం తలుపు వెనక కూర్చుని, రాళ్లు లేని బియ్యంలో రాళ్లు వెతికేవాళ్లం.

బయట మా మరిది మునిరత్నం పడవను నీళ్లలోకి తోస్తూ పెట్టే కేకలు వినిపించేవి. ఆ పడవలో వల చిరిగితే కుట్టేది నేనే. వచ్చిన చేపల్ని గంపకెత్తి సంతకు మోసేదీ నేనే. చెయ్యి తగిలితే రాని చెడు, మొహం చూస్తే ఎట్లా వస్తుందో నాకు అర్థమయ్యేది కాదు. ఆయన ఉన్నప్పుడు ఒకసారి, నన్నూ సముద్రం మీదికి తీసుకుపొమ్మని అడిగాను. "నీకు సముద్రమెందుకే, చేప ఇంటికే వస్తాంది గదా" అని నవ్వాడు. మంచివాడే. మంచివాడు నవ్వితే మళ్లీ అడగడానికి నోరు రాదు. నలభై దాటాక నేను పెద్దవాళ్ల కోసం పెట్టిన మధ్యాహ్నపు బడికి పోయి అక్షరాలు దిద్దుకుంటే అత్త కూడా నవ్వింది. "కలెక్టరువైపోతావా యేంది?" అంటూనే, తడిగుడ్డతో నా పలక తుడిచి చేతికిచ్చేది.

ఆ ఏడు సముద్రంలో గాలిమరలు పెట్టాలని ఒక కంపెనీ వచ్చింది. ముందుగా గాలి ఎంత వీస్తుందో కొలవడానికి, ఒడ్డుకు దూరంగా నీళ్లలో ఇనుప స్తంభం నిలబెట్టారు. పనులన్నీ ఊరివాళ్లకేనని చెప్పడానికి తిరుపతి నుంచి మహిత అనే అమ్మాయి వచ్చి మీటింగు పెట్టింది. మగవాళ్లు ముందు చాపల మీద, మేం వెనక ఇసుకలో. కాపలా పనులు ముందు వరసలోనే అయిపోయాయి. స్తంభం దాకా మనుషుల్ని చేర్చే పడవ బాడుగ మునిరత్నానికి దక్కింది. చివరికి ఒక్క పని మిగిలింది. స్తంభానికి కరెంటిచ్చే సోలార్ పలక మీద పక్షులు రెట్టలు వేస్తాయి, ఉప్పు పేరుకుంటుంది. వారానికోసారి పోయి తుడిచి రావాలి.

"తుడిచేదా? అది ఆడోళ్ల పని గదమ్మా" అన్నాడు మునిరత్నం.

"అయితే ఆడవాళ్లనే పంపండి" అంది మహిత.

"పడవలోనా? మా ఊళ్లో ఆడోళ్లు పడవెక్కరు."

మహిత వాళ్లనొకసారి, మమ్మల్నొకసారి చూసింది. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే లేచి నిలబడ్డాను. "నేను పోతానమ్మా."

ఇంటికొచ్చాక మునిరత్నం ఎగిరిపడ్డాడు. "పరువు తీసినావు వదినా! బాడుగ పోతాదని ఊరుకుంటాండాను. ఎక్కేదైతే వెనకనుంచి వచ్చి ఎక్కు. ఎదురు మాత్రం రాబాక." అత్త మాత్రం తన పాత నూలు చీర చించి, తుడవడానికి మెత్తటి గుడ్డ చేసిచ్చింది.

పోవాల్సిన పొద్దున, ఇళ్ల వెనకనుంచి చుట్టూ తిరిగి వచ్చి పడవెక్కాను. పక్క పడవలవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. అప్పుడే, ఒడ్డున అందరి ముందునుంచీ మా అత్త నడిచి రావడం కనిపించింది.

"అమ్మా! ఎదురొస్తావేంది? పడవ కదల్తాంది!" అని అరిచాడు మునిరత్నం.

"మీ వదిన గుడ్డ మరిచిపోయింది."

సంచిలో పెట్టుకున్నట్టే నాకు గుర్తు. ఆమె ఆగకుండా మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, పడవకు ఎదురుగా నిలబడింది. "పుట్టినప్పుడు నువ్వు మొదట చూసింది నా మొగమే గదరా. అప్పుడు చెడ్డది కాలేదే?"

మునిరత్నం చేతిలో గెడ నీళ్లలోనే ఆగింది. "చీర తడుస్తాంది, పైకి రామ్మా" అన్నాడు.

ఆమె గుడ్డ నా చేతిలో పెట్టింది కానీ నావంక చూడలేదు. సముద్రం వైపు తిరిగి, ఎర్రబడుతున్న నీళ్లను చూస్తోంది.

"ఈ పొద్దప్పుడు సముద్రం ఇట్లుంటాదా తిరుమలా? మరిచేపోయినాను."

ఆ రోజు పలకను అద్దంలా తుడిచి వచ్చాను. మర్నాడు నాకు పడవ పని లేదు. అయినా పడవలు కదిలే వేళకు తలుపు బార్లా తీసి, అత్త కూర్చునే పీట గడప బయట, సముద్రం వైపుగా వేశాను.