సున్న తక్కువ బండి

మా ఊరికి రెండోసారి వరద వచ్చి వెళ్లిన మరుసటి ఏడు జరిగిన సంగతి ఇది. ఆ వరదలో నా తమ్ముడి రొట్టెల వ్యాను కప్పు దాకా మునిగింది. బురద కడిగి చూస్తే ఇంజను ఇక పనికిరాదన్నారు. పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి గొలుసు కట్టి లాక్కుపోయారు. ఏడాది తిరిగేసరికి తమ్ముడికి మతిమరుపు జబ్బు ముదిరింది. బండి పోయిన సంగతి మరిచాడు. బండిని మరవలేదు.

రోజూ పొద్దున్నే తాళంచెవి పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాడు. దారిన పోయే ప్రతివాణ్ణీ "నా బండేదండీ?" అని అడిగేవాడు. మరదలు కంచం పట్టుకుని వెనకాలే నిలబడేది. "బండి రానీ, తింటా" అనేవాడు. ఎండ నెత్తికెక్కేదాకా అంతే.

నన్ను గుర్తుపట్టడం మానేసి అప్పటికి రెండు నెలలు. అరవై ఏళ్లు "ఏరా అన్నయ్యా" అని పిలిచినవాడు "మీరెవరండీ, కూర్చోండి" అనేవాడు. ఆ మర్యాద నేను తట్టుకోలేకపోయాను.

డాక్టరు, ఆయన ఎరిగిన వస్తువులు చూపిస్తుండండి అన్నాడట. నేను నలభై ఏళ్లు వ్యాన్లకు రంగులేసినవాణ్ణి. అందుకని బజారుకెళ్లి ప్లాస్టిక్ వ్యాను బొమ్మ ఒకటి కొన్నాను. పచ్చరంగుది, నాసిరకం, చక్రాలు ఏనుగు కాళ్లంత.

"మనవడికా తాతా?" అన్నాడు కొట్టువాడు.

"తమ్ముడికి."

"బాగుంది! ఎన్నేళ్లేంటి తమ్ముడికి?"

"అరవై నాలుగు."

వాడు నా మొహం చూసి బొమ్మ సంచిలో పెట్టిచ్చాడు.

షెడ్డులో పెట్టుకుని పదిహేడు రోజులు చేశాను. వేడినీళ్లలో నానబెట్టి అంటించిన బొమ్మలు ఊడదీశాను. చక్రాలు ఆకురాయితో అరగదీసి చిన్నవి చేశాను. ఒళ్లంతా గరుకు కాగితంతో రుద్దాను. పక్క అద్దాలకు మందుబిళ్లల అట్ట మీది వెండిరేకు, లోపల రొట్టెల అరలకు అగ్గిపుల్లలు. ఎడమ తలుపుకి సొట్ట ఉండాలి. వాడు పెళ్లయిన కొత్తలో మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని, రోడ్డు చూడకుండా ఆమెను చూస్తూ స్తంభానికి గుద్దిన సొట్ట అది. చెంచా కాల్చి, వెనక భాగంతో మెల్లగా నొక్కాను. సరిగ్గా అంతే పడింది.

అసలు బండికి వేసిన మీగడరంగు డబ్బా అటక మీద ఉంది. పైన తోలులా గడ్డకట్టింది. దాన్ని కోస్తే అడుగున రెండు చెంచాల రంగు ఇంకా బతికే ఉంది. అది సరిపోయింది.

ఇక మిగిలింది వెనక తలుపు మీది రాత.

నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. తమ్ముడు బండి కొన్నప్పుడు వెనకాల 'దూరంగా ఉండండి' అని రాయమన్నాడు. నేను 'దూరంగా ఉడండి' అని రాశాను. ఉ పక్కన సున్న మింగేశాను. రంగు ఆరేదాకా ఎవరూ చూడలేదు. చూశాక ఊరంతా నవ్వింది. ఆనాటి నుంచి తమ్ముడి పేరు పోయి 'ఉడండి' అయింది. "ఏమయ్యా ఉడండీ, రెండు రొట్టెలియ్యి" అనేవాళ్లు. దిద్దుతానంటే వాడు ఒప్పుకోలేదు.

"చెయ్యేశావంటే విరిచేస్తా అన్నయ్యా. ఇన్ని బళ్లలో నా బండేదో నాకు తెలియాలా, వద్దా?"

వాడు నవ్వుకున్నాడు గానీ ముప్పై రెండేళ్లు ఆ బండి ఎదురైతే నేను తల దించుకునేవాణ్ణి. కనీసం బొమ్మ మీదైనా తప్పు లేకుండా రాయాలనిపించింది. తమ్ముడి కూతురు బడిలో పంతులమ్మ. కాగితం ఇచ్చి రాయమన్నాను.

"సున్నలు ఎన్నుంటే అన్నీ పెట్టు తల్లీ."

"మూడే పెదనాన్నా. ఎక్కువ పెట్టినా తప్పే" అని నవ్వింది.

చూసి చూసి దించాను. మూడు సున్నలూ పెట్టాను.

ఆదివారం సాయంత్రం తీసుకెళ్లి వాడి ఒళ్లో పెట్టాను. కప్పు మీద చెయ్యేసి నిమిరాడు. తర్వాత వేలు పోయి సొట్టలో ఆగింది. "స్తంభం" అన్నాడు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తలుపు తీసి అరలు లెక్కపెట్టాడు. ఇక 'అన్నయ్యా' అంటాడని ముందుకు వంగాను. నేను చేసిందంతా ఆ ఒక్క మాట కోసమే.

వాడు బండి వెనక్కి తిప్పాడు. అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. ఉ దగ్గర ఆగాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. మొహం మాడిపోయింది.

"ఇది నాది కాదండీ. ఎవరిదో. పాపం వెతుక్కుంటుంటారు, ఇచ్చేయండి" అని నా చేతిలో పెట్టాడు. "నా బండి మీద మా అన్నయ్య రాత ఉంటుంది."

మరదలు "బావగారూ..." అంది. బండి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

మర్నాడు తెల్లవారగానే బ్లేడుతో ఆ మాట మొత్తం గీకేశాను. డబ్బా అడుగు గోకి, వచ్చిన రంగు పూసి, ఆరాక మళ్లీ రాశాను. ఈసారి కాగితం అక్కర్లేకపోయింది. వాడు బయటికి వచ్చేలోపే వెళ్లి గేటు పక్క గోడ మీద పెట్టి, ఎడంగా నిలబడ్డాను.

తాళంచెవితో వచ్చాడు. చూశాడు. "ఉడండి" అని పైకి చదివి, పకపకా నవ్వాడు. బండిని గుండెకు ఆనించుకున్నాడు.

"మా అన్నయ్య తెచ్చాడాండీ?" అని నన్నే అడిగాడు.

"ఆఁ" అన్నాను.

"లోపలికి రమ్మనకపోయారా?"

"పనుందట. వెళ్లిపోయాడు."

"వాడంతే" అని లోపలికి వెళ్లి తిండి ముందు కూర్చున్నాడు. నేను గేటు గడియ వేసి, షెడ్డుకొచ్చి బ్రష్షులు కడుక్కున్నాను.