వలతాడు పట్టినోడు

సీతమ్మధారలో చేపలమ్ముకుంటున్న గంగాలమ్మ కళ్లముందే ఆ ట్రంకుపెట్టె మేడమీంచి వీధిలో పడింది. మూత ఊడి పుస్తకాలు, చొక్కాలు చెల్లాచెదురయ్యాయి. సీసాల్లో పోసి దాచుకున్న సముద్రపు నీళ్లు రోడ్డు పాలయ్యాయి. పెట్టె వెనకాలే ఒక కుర్రాడు తలొంచుకుని మెట్లు దిగాడు.

మేడ యజమాని సీతారామాంజనేయులు గారు అరుగు మీద నిలబడి వీధంతా వినేలా కేకలేస్తున్నాడు. "పోలీసులు నా గుమ్మం తొక్కారు నీ మూలాన! మర్యాదస్తుల కొంప ఇది!" ఆ మర్యాదస్తుడే నిన్నటిదాకా విదేశీ కుర్రాడని ఊళ్లో ఎవరూ పుచ్చుకోనంత అద్దె పుచ్చుకున్నాడు. అప్పుడు మర్యాద గుర్తుకు రాలేదు.

గంగాలమ్మకి ఆ కుర్రాణ్ణి బాగా తెలుసు. పేరు ఇద్రీస్. ఎర్రసముద్రం ఒడ్డున ఏదో రేవుపట్నం వాడిది. యూనివర్సిటీలో సముద్రం గురించి ఎమ్మెస్సీ చదువుతూ, సీసాల్లో నీళ్లు పట్టుకోడానికి గంగాలమ్మ వాళ్ల నూకాలమ్మపేట ఒడ్డుకి వచ్చేవాడు. తెలుగు కూడా అక్కడే నేర్చుకున్నాడు. అందుకే యూనివర్సిటీలో పంతుళ్ల ముందు "నేను" అనబోయి "నాను" అని, నవ్వులపాలయ్యేవాడు.

"ఏటయ్యింది నాయినా?" అంది బుట్ట దించి.

"కాగితం అయిపోనాదమ్మా. నాను ఈ దేశంలో ఉండడానికి ఇచ్చిన కాగితం."

"కాగితం లేకపోతే మనిషి ఉండకూడదేటి? పద. మా పేటలో మేడల్లేవు గానీ ఇసక బోలెడుంది." పుస్తకాలన్నీ ఏరి పెట్టెలో పడేసి, ఒక పక్క తను పట్టుకుంది.

ఎమర్జెన్సీ పోయి ఆరేళ్లయిన కాలం అది. పోయింది పేరు మాత్రమే, లాఠీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ సంగతి పేట వాళ్లకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. హార్బరుకి కొత్త రోడ్డు వేస్తామని, వాళ్ల గుడిసెల చుట్టూ అప్పటికే సర్వేరాళ్లు పాతి పోయారు. ముత్తాతల నాటి నుంచి అక్కడే పుట్టి, అక్కడే వలలేసి, అక్కడే చచ్చిన జనాన్ని ఆఫీసర్లు "ఆక్రమణదారులు" అన్నారు. ఆడవాళ్లు ఆ రాళ్లని తిట్టి తిట్టి, చివరికి వాటిమీదే వలలు ఆరేసుకుంటున్నారు.

ఇద్రీస్ చుట్టూ ఎలాంటి ఉచ్చు బిగిసిందో ఆ సాయంత్రం కనకరత్నం చెప్పాడు. కనకరత్నం విద్యార్థి సంఘం కుర్రాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో క్రేను నడిపే మనిషి కొడుకు.

"చదువుకోడానికొచ్చిన వాళ్లు ఏడాదికోసారి పోలీసాఫీసులో పర్మిట్ పొడిగించుకోవాలండి. పాస్‌పోర్టు గడువుంటేనే పొడిగిస్తామంటున్నారండి పోలీసులు. ఆ గడువు పెంచాల్సింది వీడి దేశం ఎంబసీ. వాళ్లేమో, ఇంటికొచ్చెయ్, ఇక్కడే పెంచుతామంటున్నారు."

"ఎల్లొచ్చీమను మరి," అన్నాడు గంగరాజు. గంగాలమ్మకి అన్న, పేటలో పెద్దవల నడిపే మనిషి.

"వెళ్తే తిన్నగా జైలేనండి. అక్కడ ఒక జనరల్ గద్దెక్కి, రేవులో సమ్మె చేసిన వాళ్లని కాల్పించాడు. వీడి నాన్న ఆ సమ్మెలోనే జైలుకెళ్లాడు. ఆ కాల్పులు తప్పని రాసిన అట్ట పట్టుకుని వీడు మాతోపాటు యూనివర్సిటీ గేటు దగ్గర నిలబడితే, ఎవడో ఫొటో తీసి ఎంబసీకి పంపాడు. ఇక్కడుండనివ్వరు. ఇంకో దేశం పోదామన్నా పాస్‌పోర్టు చెల్లదు. పర్మిట్ లేదని యూనివర్సిటీ హాల్ టికెట్టు ఆపేసింది."

గంగరాజు చుట్ట ఇసకలో గుచ్చి ఆర్పాడు. "మా వలకి కూడా ఇన్ని కట్లుండవురా అబ్బాయ్," అన్నాడు.

ఇద్రీస్ గంగాలమ్మ గుడిసెలో ఉండిపోయాడు. వారానికోసారి పోలీసాఫీసుకెళ్లడం, బల్ల ముందు పొద్దు వాలేదాకా నిలబడటం, రేపు రమ్మంటే తిరిగి రావడం. రోడ్డు మీద ఖాకీ చొక్కా కనిపిస్తే సందులోకి తప్పుకునేవాడు. బుట్ట మోసుకుపోతూ గంగాలమ్మ ఆ నడక చూసేది. ఎంత పొడుగు మనిషి, ఎంత చిన్నగా అయిపోయాడు! ఒడ్డు మీద వలతాడు పట్టుకున్నప్పుడు మాత్రం మళ్లీ నిటారుగా నిలబడేవాడు.

పెద్దవల సంగతి తెలియని వాళ్లకి చెప్పాలి. పడవ వలని సముద్రంలో విడుస్తుంది. దాని రెండు తాళ్లూ ఒడ్డుకి వస్తాయి. రెండు వరసలుగా జనం పట్టుకు లాగుతారు. ఆ తాడు ఎవరు పట్టినా వాళ్లకి చేపల్లో వాటా ఉంటుంది. ఏ ఊరు, ఏ కులం అని అడగరు. ఒకటే కట్టుబాటు, వల ఇసక మీదికొచ్చేదాకా తాడు వదలకూడదు. ఇద్రీస్ లాగేవాడు, వాటా తెచ్చేవాడు, గంగాలమ్మ పులుసు పెట్టేది.

ఒకరోజు ఇన్‌స్పెక్టర్ భీమశంకరరావు విచారణకని పేటకొచ్చాడు. ఎంత మర్యాద! గంగాలమ్మని "అమ్మా" అన్నాడు. కొబ్బరినీళ్లు తాగాడు. "ఆ కుర్రాడు మంచివాడేనా? ఇక్కడేం చేస్తుంటాడు?"

మంచిగా అడిగితే గంగాలమ్మ నోటికి తలుపుండదు. కుర్రాడికి మేలు జరుగుతుందని పొంగిపోయింది. "మావోడు బాబూ! బంగారం లాటోడు. ఊరికే కూకుని తినీరకం కాదు. మాతోపాటు తాడు లాగుతాడు, మాతోపాటు వాటా తీసుకుంతాడు!"

"రోజూ తీసుకుంటాడా?"

"రోజూనీ! కష్టపడ్డోడు తీసుకోడేటి?"

ఇన్‌స్పెక్టర్ ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాడు. రాసుకున్నాడు. వేలిముద్ర వేయించుకున్నాడు. కొబ్బరినీళ్లు బాగున్నాయని కూడా చెప్పి మరీ పోయాడు.

నోటీసు వచ్చాక కనకరత్నం దాన్ని చదివి తెలుగులో చెప్పాడు. చదువుకోడానికి ఇచ్చిన పర్మిట్ మీద వచ్చి, జాలర్ల దగ్గర కూలికి పనిచేసి సంపాదిస్తున్నాడు గనక, పొడిగింపు లేదు. వారంలోగా రైల్లో బొంబాయి తీసుకెళ్లి విమానం ఎక్కిస్తారు. సాక్షి, గంగాలమ్మ.

గంగాలమ్మ నోరు కొట్టుకుంది. "నా నోరు పడిపోనూ! నా సేత్తోనే నిన్ను సంపీసుకున్నాన్రా నాయినా!" ఇద్రీస్ ఆమె చేతులు పట్టుకుని ఆపాడు. "నువ్వు అబద్ధం సెప్పలేదమ్మా," అన్నాడు. ఆ మాటకి ఆమె ఇంకా ఏడ్చింది.

మర్నాడు పడవల దగ్గర పేటంతా కూడింది. కనకరత్నం లేచి అంతర్జాతీయ కార్మికవర్గ సంఘీభావం గురించి గంభీరంగా మొదలెట్టాడు. ముసలాళ్లు ఆవలించారు. మధ్యలోనే కాసులమ్మ లేచింది. గుడిసె మధ్యలోనే సర్వేరాయి పడిన మనిషి ఆవిడ.

"నువ్వాగు బాబూ. మన కొంపల సుట్టూ రాళ్లు పాతీసినారు. రేపో మాపో మనమే రోడ్డున పడతాం. మన గోడు మనకుంటే పరాయోడి గోడేటి? ఆడికోసం పోలీసోళ్లతో తగువెట్టుకుంటే, ఆ వంకతో మన గుడిసెలు పీకీరా?"

ఆవిడ తప్పేమీ అనలేదు. చాలామంది తలలూపారు. ఇద్రీస్ లేచి, "నాను ఎల్లిపోతాను. నా వల్ల మీకు తగువొద్దు," అన్నాడు.

"కూకో," అన్నాడు గంగరాజు. "కాసులమ్మా, ఆ రాయి నీ ఇంట్లో పాతినోడెవడు?"

"గవర్మెంటోడు."

"ఈడి కాగితం ఆపినోడెవడు?"

"ఆడే. అయితేటి?"

"నువ్వు ఈ ఇసకలోనే పుట్టినావు. ఉండడానికి నీకు కాగితముందా? లేదు. ఈడికీ లేదు. ఈడికి నోటీసు ముందొచ్చింది, నీకు ఎనకొస్తాది. అంతే తేడా. ఇంకోటి. ఈడు కూలోడని రాసినారు. కూలోడికి యజమానుంతాడు. మన తాడుకి యజమానెవడే? సెప్పు!"

కాసులమ్మ చీరకొంగు నడుముకి దోపుకుంది. "వల సంద్రంలో ఉండగా తాడొగ్గీడం మా ఇంటా వంటా లేదు," అని గొణిగి కూర్చుంది. దాంతో తగువు తెగిపోయింది.

గడువు రోజు పొద్దున్నే పోలీసు వ్యాను వచ్చింది. అప్పటికి వల సముద్రంలో ఉంది. ఇద్రీస్ తాడు మీదున్నాడు. వెనక గంగాలమ్మ, ఆ వెనక కాసులమ్మ.

"వాణ్ణి బయటికి రమ్మను," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"వల ఒడ్డుకి రావాల బాబూ. అప్పటిదాకా ఎవడూ తాడొగ్గడు. తమరు కూకోండి," అన్నాడు గంగరాజు.

ఆ రోజు వల ఒడ్డుకి రాలేదు. కావాలనే నాలుగడుగులు లాగారు, నాలుగడుగులు సడలించారు. కనకరత్నం యూనివర్సిటీ నుంచి విద్యార్థుల్ని వెంటేసుకొచ్చాడు. పోర్టులో ఓడల సరుకు దించే కలాసీలు, రాత్రి డ్యూటీ దిగి, వాళ్ల సంఘం పెద్ద తాతబాబు ముందు నడవగా, సైకిళ్లు ఇసకలో పడేసి వచ్చారు. "ఎక్కడ పట్టమంటావు బావా?" అన్నాడు తాతబాబు. గంగరాజు తాడు చూపించాడు. విద్యార్థులకి అరచేతులు బొబ్బలెక్కాయి, అయినా పాట అందుకున్నారు. తాడు పొడుగునా ఖాళీ లేదు. ఎండెక్కింది. బూట్లలోకి ఇసక దూరి పోలీసులు ఎగిరెగిరి నడుస్తుంటే పిల్లలు నవ్వారు.

ఆ నవ్వుతో ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్లు మండింది. గంగాలమ్మ బుట్టలోంచి చేపలు కోసే కత్తి లాక్కున్నాడు. "వదుల్తారా, తాడు కొయ్యమంటారా?"

పేటకంతటికీ ఒకటే పెద్దవల. ఒక తాడు తెగితే చాలు, వల నోరు తెరుచుకుని చేపంతా పోతుంది. అలల్లో వల చిరిగి పీలికలవుతుంది. ఇద్రీస్‌కి అది తెలుసు. "ఒద్దు సార్! ఒగ్గెస్తాను," అని చేతులు సడలించాడు. గంగాలమ్మ వెనకనుంచి ఆ చేతుల మీద తన చేతులేసి తాడుకేసి నొక్కింది.

"ఒగ్గకు! వల పోతే మళ్లీ అల్లుకుంతాం. నిన్ను అల్లుకోలేం."

తాడు మీద కత్తి పడింది. తాడు తెగింది. ఆ విసురుకి పేట మగాళ్లు, ఆడవాళ్లు, విద్యార్థులు, కలాసీలు ఒకరి మీద ఒకరు ఇసకలో పడ్డారు. అవతల నీళ్లలో వల వదులై, వెండిలా మెరుస్తున్న చేపంతా సముద్రంలోకి జారిపోయింది. అది చూసి ముసలాళ్లు గుండెలు బాదుకున్నారు. పోలీసులు ఇద్రీస్‌ని జుట్టుపట్టి ఈడ్చారు.

గంగాలమ్మ లేచింది. తెగిన తాడు కొస నడుముకి చుట్టుకుని వ్యాను తలుపుకి అడ్డం నిలబడింది. "వాటా తినడం నేరమని నా సేత ఏలిముద్రేయించినావు గదా! నానూ తిన్నాను. పుట్టినకాణ్ణించి తింతన్నాను. నన్నూ ఎక్కించు!"

"నన్నూ ఎక్కించు," అంది కాసులమ్మ తాడు పట్టుకుని.

తర్వాత ఎవరి గొంతు ఎవరిదో తెలియలేదు. తాడుకి తాడంతా వ్యాను వైపు నడిచింది. లాఠీలు లేచాయి, తలలు పగిలాయి. తాడు మాత్రం ఎవరూ వదల్లేదు. ఇన్‌స్పెక్టర్ గొంతు చించుకున్నాడు. "అందర్నీ రాయండి! దొమ్మీ కేసు! రెచ్చగొట్టింది ఈ పరాయివాడే. వీణ్ణి మొదటి ముద్దాయిగా రాయండి!"

వ్యాను చాలక అందర్నీ నడిపించే తీసుకెళ్లారు. స్టేషన్లో పేరు, ఊరు అడిగారు. అందరూ నూకాలమ్మపేట అన్నారు. ఆక్రమణదారులకి ఊరెక్కడిదన్న సర్కారే ఆ పేరు అందరి పక్కనా రాసుకుంది.

కోర్టులో మొదటి ముద్దాయిని ఆ రాత్రే బొంబాయి పంపాలని పోలీసులు అడిగారు. మేజిస్ట్రేటు కళ్లజోడు సర్దుకున్నాడు. "మొదటి ముద్దాయి లేకుండా ఈ కేసు ఎలా నడుపుతారు? మీరే కదా పెట్టింది?" అన్నాడు. కలాసీల సంఘం వాళ్లు జామీను నిలబడ్డారు. కేసు తేలేదాకా ఇద్రీస్ విశాఖపట్నం దాటి పోకూడదని ఆర్డరు రాశారు.

కనకరత్నం అది చెవిలో చెబితే గంగాలమ్మకి ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత కోర్టని కూడా చూడకుండా పకపకా నవ్వింది. ఆఫీసులో ఎన్నిసార్లు నిలబడినా రాని పొడిగింపు ఇన్‌స్పెక్టర్ కోపంలోంచి వచ్చింది. భీమశంకరరావు టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

అయినా ఉచ్చు వీడలేదు. హాల్ టికెట్టు రాలేదు. వారం వారం స్టేషన్లో సంతకం పెట్టాలి. కేసు తేలిన మర్నాడు మళ్లీ బొంబాయి రైలే. వల చిరిగి ఒడ్డున కుప్పగా పడింది. పేటలో కొన్నాళ్లు పొయ్యిలు సరిగ్గా వెలగలేదు. ఎవరూ ఇద్రీస్‌ని ఒక్క మాటన్నది లేదు. అందరితో కూర్చుని అతనూ వల బాగుచేశాడు. గంగరాజు తెగిన తాడుకి తాడు పేని, మునుపటికంటే లావుగా ముడేశాడు.

ఆ ముడి ఇంకా కొత్తగా ఉండగానే, గుడిసెలు ఖాళీ చెయ్యమని పేటకి నోటీసొచ్చింది. గోడకి అంటించి, ఆఫీసర్ల జీపు మళ్లీ వస్తానని పోయింది. జనమంతా ఆ కాగితం ముందు నిలబడ్డారు. కనకరత్నం చదవబోయాడు.

"సదవక్కర్లేదులే బాబూ," అంది కాసులమ్మ. గుడిసెలోకి పోయి, తన ఇంటి మధ్య పాతిన సర్వేరాయి చుట్టూ మట్టి గోళ్లతో తవ్వడం మొదలెట్టింది.

గంగాలమ్మ వలతాడు భుజానేసుకొచ్చి, కొస ఆ రాయికి రెండు చుట్లు చుట్టి బిగించింది. "తాడు పట్టండి!" అని కేకేసింది.

అందరికంటే ముందు ఇద్రీస్ వచ్చి తన చోట నిలబడ్డాడు. "వల సంద్రంలో లేదు గదమ్మా?" అన్నాడు నవ్వుతూ.

"ఉందిరా. ఇంకా ఒడ్డుకి రాలేదు. లాగు!"

పేటంతా తాడు మీద వంగింది. రాయి కదిలింది.