ఏ బిళ్ళ నాన్నా?

నేను ఒక గాజు సీసాను. వెడల్పాటి మూతి, రేకు మూత, లావుపాటి ఒళ్ళు. కొలిమిలో కరిగి, గొట్టంతో ఊదించుకుని పుట్టాను. ఊదినవాడికి ఆ పూట తీరిక లేదేమో, నా పొట్టలో ఒక గాలిబుడగ చిక్కుకుపోయింది. ఆ లోపం వల్లే పాలకొల్లు బజారులో కిరాణా కొట్టున్న గ్రంధి కోటిలింగం నన్ను చవగ్గా కొనుక్కున్నాడు.

గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టి నన్ను నిమ్మ బిళ్ళలతో నింపాడు. కొట్టు మొత్తానికి అదొక్కటే మిఠాయి. పిల్లలు వచ్చి "బిళ్ళ" అనేవారు, ఆయన నా మూత తిప్పేవాడు. ఏ బిళ్ళ అని ఆయన అడిగిందీ లేదు, వాళ్ళు తల గోక్కుందీ లేదు. మనుషులకు అంత సుఖం ఎక్కువ కాలం గిట్టదు.

నడివయసులో ఆయనకు షుగరొచ్చింది. సరుకులకు వచ్చిన డాక్టరు గారు నా పక్కనే నిలబడి, "మందు వేసుకుని తిండి ఆలస్యం చేశావంటే షుగరు మరీ పడిపోయి, ఒళ్ళు వణికి చెమటలు పడతాయి. అప్పుడు గబుక్కున ఓ బిళ్ళ చప్పరించు కోటిలింగం" అని చెప్పారు. ఇంట్లో కంగారు పడతారని ఆయన ఆ మాట ఎవరికీ చెప్పలేదు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాడు, మందు మాత్రం మానేవాడు కాదు. మధ్యాహ్నానికి చెయ్యి వణికేది, ఆ చెయ్యి నా దగ్గరికే వచ్చేది. ఎవరైనా చూసి నవ్వితే, "నిమ్మకాయ పండే కదరా, ఫలహారం కిందే లెక్క" అనేవాడు.

కొట్టు చేతికొచ్చాక కొడుకు నాగేంద్ర గోడలు కొట్టించి దాన్ని మార్టు చేశాడు. మంచివాడే. తండ్రిని గల్లా దగ్గర మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాడు. నన్ను కడిగి నాలో పెన్నులు వేశాడు. లోపల ఒక వరస వరసంతా మిఠాయిలే. పులుపువి, కారంవి, నోట్లో చిటపటలాడేవి, పుల్లకు గుచ్చినవి, ఏ రుచో పేరు చదివితే గానీ తెలియనివి. జనం పెళ్ళిచూపులకొచ్చినట్టు ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూసి, చివరికి అలవాటైనదే పట్టుకెళతారు. అన్ని రకాల్లోనూ నా నిమ్మ బిళ్ళకు చోటు లేదు. అన్నిటికన్నా కింది అరలో పంచదార లేని బిళ్ళలు ఉండేవి. "నాన్నకు షుగరు కదా, ఆయన కోసమే తెప్పించాను" అని నాగేంద్ర వచ్చినవాళ్ళందరికీ చూపించుకునేవాడు.

"తీపి లేని బిళ్ళేమిట్రా, తడపని వానలాగా" అని తండ్రి వెక్కిరించేవాడు.

మళ్ళీ కార్తీక సోమవారం వచ్చింది. అదే ఉపవాసం, అదే మందు. మధ్యాహ్నం వణికే చెయ్యి అలవాటు కొద్దీ నాలోకి వచ్చింది. దానికి పెన్నులు తగిలాయి. ఎంత కెలికినా పెన్నులే తగిలాయి. నాకు పుట్టిన దగ్గర్నుంచీ అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"బిళ్ళ" అన్నాడాయన.

నాగేంద్ర పరుగున వచ్చాడు. "ఏ బిళ్ళ నాన్నా? పొద్దుటి మందు వేసుకున్నావుగా."

"అది కాదురా... చప్పరించేది." మాట ముద్దగా వచ్చింది.

వాడు ఆ వరసలోకి ఉరికాడు. కళ్ళు మూసుకుని ఏ పొట్లం లాగినా ఆయన బతికేవాడు. వాడు కళ్ళు మూసుకోలేదు. ఒకటి తీసి వెనక చదివాడు, పంచదార అని ఉంది, పెట్టేశాడు. ఇంకొకటి చదివాడు, అదీ పెట్టేశాడు. షుగరున్న తండ్రికి తీపి పెట్టి చంపుకుంటానా అన్న భయం వాడి మొహంలో నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి కింది అరలోంచి పంచదార లేని బిళ్ళ తెచ్చి, కాగితం విప్పి, ఆయన నోట్లో పెట్టాడు. ఆయన దాన్ని చప్పరిస్తూనే కొడుకు భుజం మీదికి ఒరిగిపోయాడు.

"కాస్త పంచదార నోట్లో వెయ్యలేకపోయారా?" అన్నారట ఆసుపత్రిలో. ఆ మాట తల్లికి చెప్పే ధైర్యం చాలక, నాగేంద్ర షట్టరు దించుకుని నా ముందు కూర్చుని ఏడ్చాడు.

పెద్దకర్మనాడు పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డిస్తారు. తన మార్టులో నిమ్మ బిళ్ళ లేక, బస్టాండు దగ్గర బడ్డీకొట్టుకు వెళ్ళి తెచ్చాడు నాగేంద్ర. పెన్నులు కుమ్మరించి నన్ను నింపి, కాలవగట్టుకు మోసుకొచ్చాడు. గారెల పక్కన గుప్పెడు బిళ్ళలు పోశాడు. చాలవనుకున్నాడేమో, ఇంకో గుప్పెడు పోశాడు. షుగరున్న మనిషికి తీపేమిటని ఆ రోజు ఎవరూ అడ్డు చెప్పలేదు.