వేపకు తగిన బిట్టు

బొటనవేలి గోటిని, చెక్క తొలిచే రూటరు మిషను బిట్టు అంచుకు ఆనించి మెల్లగా లాగాడు బయ్యన్న. గోరు జారిపోయింది. పదునుంటే పట్టుకొని సన్నటి పొర లేపాలి. దాన్ని గోనెపట్టా మీద పక్కకు పెట్టి ఇంకోటి తీశాడు. ఇది పదునుగానే ఉంది కానీ మరీ సన్నం. లోతుకు దించితే ఊగుతుంది. మూడోది లావుగా ఉన్నా లోతుకు చాలదు. మూడింటినీ మళ్లీ వరుసగా పేర్చి, పెన్సిలు వెనక కొసను కొరుకుతూ కాసేపు వాటినే చూస్తూ కూచున్నాడు.

బెళుగుప్ప ఊరి చివర, ఇంటికి ఆనుకుని వేసుకున్న రేకుల షెడ్డు అతనిది. ఎదురుగా బల్ల మీద వేప చెక్కలున్నాయి. అవి ఆ ఊరి రైతు చైతన్య పొలం గట్టున ఉండిన చెట్టువి. వానలు వరుసగా తప్పి చెట్టు నిలువునా ఎండిపోతే, చైతన్య కోయించి తెచ్చి కొత్తింటి ద్వారబంధం చెయ్యమని ఇచ్చాడు. రెండు నిలువు చెక్కలు, రెండు అడ్డ చెక్కలు. ఒక్కటి చెడినా బదులు తేవడానికి ఆ చెట్టు లేదు. బంధం నిలబెట్టే ముహూర్తం ఎల్లుండే.

నిలువు చెక్కలో బెజ్జం తొలచాలి. అడ్డ చెక్క కొసను నాలుకలాగా సన్నం చేసి అందులో దూర్చాలి. మేకులేమీ లేకుండా ఆ పట్టు మీదే వాకిలి నిలబడాలి. నిన్న సాయంత్రం ఒక వేప తుంట మీద నిలువంచుల బిట్టుతో తొలిచి చూశాడు. పొట్టు బయటికి రాక బెజ్జంలోనే గట్టిపడి, అంచులు మాడాయి. పొగను ముందు చూసింది భార్య యశోదమ్మ. వచ్చి భుజం తట్టింది. ఏళ్ల తరబడి మిషను మోతకు అతని చెవులు మందగించాయి. ఇంట్లో పిలుపులన్నీ భుజం మీదే.

"కల్యాణదుర్గం పోయొస్తా మే. ఈటితో కాదు," అన్నాడిప్పుడు లేచి, గట్టిగా. తన గొంతు తనకు వినపడనివాళ్లు అట్లాగే మాట్లాడతారు.

"తిని పో," అని నోటి దగ్గర చేయి పెట్టి చూపించింది యశోదమ్మ.

బస్సులో కిటికీ పక్కన కూచున్నాడు. బయట వేరుశనగ చేలు మొలక లేక ఎర్రగా ఉన్నాయి. నలభై ఏళ్లొచ్చేదాకా అతనిదీ ఆ బతుకే. బోరు ఎండి, పక్కన వేయించిన బోరూ ఎండాక, ఎర్రన్న అనే వడ్రంగి దగ్గరికి పోయి, నాకు పని నేర్పుతావా అని అడిగాడు. ముదురు చేతులకు ఉలి లొంగదని ఎర్రన్న నవ్వాడు. బయ్యన్న కూడా నవ్వి, అక్కడే కూచుని పొట్టు ఊడ్చాడు. మరుసటి రోజూ పోయాడు. మొదట చేసిన పీట మీద కూచుంటే పక్కకు ఒరిగేది. దాన్ని విప్పి మళ్లీ చేశాడు, మళ్లీ విప్పాడు. ఎర్రన్న పోయేనాటికి ఆ చుట్టుపక్కల ఊళ్లలో వాకిళ్లు బయ్యన్నవే. రూటరు మిషన్లు వచ్చినప్పుడు తోటివాళ్లు మాకెందుకు అన్నారు. అతను మాత్రం పట్నంలో ఒక షాపు వాకిట్లో పొద్దంతా నిలబడి, దాన్ని నడిపేవాడి చేతులనే చూసి వచ్చాడు.

బస్టాండు వెనక సందులో రామకృష్ణయ్య హార్డ్‌వేర్ అంగడి. ఇప్పుడు గల్లా దగ్గర ఆయన కూతురు అర్చన కూచుంటుంది. బయ్యన్నను చూడగానే ఎదురుగా వచ్చి నిలబడింది. పెదాలు కనపడేటట్లు మాట్లాడితే అతనికి అర్థమవుతుందని ఆమెకు తెలుసు.

"ఏం గావాల తాతా?"

"ఎండిన వేప మా. బెజ్జం తొలచల్ల. పొట్టు బయటికి రాక మాడిపోతాండాది."

అర్చన అద్దాల బీరువాలోంచి ఒక బిట్టు తీసి అరచేతిలో పెట్టింది. అంచు నిలువుగా లేదు. కాడ చుట్టూ తీగలాగా మెలితిరిగి పైకి పాకింది.

"ఇది తిరిగేకొద్దీ పొట్టును పైకి లాగి పారేస్తాది. లోపల నిలబడనీదు."

ఆ రకాన్ని అతను ఇదివరకు చూశాడు. నమ్మలేదు. "పొట్టును లాగేది చెక్క పైఅంచును లాగదా? పెచ్చు లేస్తాదేమో."

"లేస్తాది. అందుకే ముందు ఉలితో చుట్టూరా గాటు పెట్టుకోవల్ల. ఆ గాటు దాటి పెచ్చు పోదు. ఉలి పని నీకు నేను చెప్పల్లా?"

"నువ్వు చెప్పకపోతే ఇంగెవరు చెప్తారు మా? చెప్పు," అన్నాడు బయ్యన్న.

లోపలినుంచి రామకృష్ణయ్య నవ్వాడు. "అంగడికి అందరూ సామాన్లకు వస్తారు. ఈయప్ప బడికొచ్చినట్ల వస్తాడు."

బయ్యన్నకు అది వినపడలేదు. చెక్క మందాన్ని వేళ్లతో చూపించి, అందులో మూడో వంతుకు సరిపోయే వెడల్పును ఎంచుకున్నాడు. లావు కాడది తీసుకుంటే ఊగదని అర్చన అంటే సరేనన్నాడు. లోతుకు ఒకేసారి దించవద్దని, కొంచెం కొంచెంగా దించమని ఆమె చేత్తో చూపించింది. ఒకసారి చాలక మళ్లీ చూపించమన్నాడు.

ఇంటికొచ్చి ముందు తుంట మీద చూసుకున్నాడు. తరవాత ఉలితో నిలువు చెక్క మీద గాటు పెట్టాడు. యశోదమ్మ రెండో కొస అదిమి పట్టుకుంది. మిషను దించగానే లేత పసుపు పొట్టు ఊటలాగా పైకి ఎగిరింది. ఇద్దరి పెదాల మీదా చేదు. అతను ఎడమ అరచేతిని చెక్కకు ఆనించి, అదురును బట్టి ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు దించాలో తెలుసుకుంటూ పోయాడు. పొగ లేదు. అంచు గీసినట్లు నిలిచింది.

"ఎగిరి పడతాండాది సూడు మే!" అని అరిచాడు.

బెజ్జం కొసలు గుండ్రంగా వచ్చాయి. వాటికి సరిపోయేటట్లు నాలుక మూలలను ఆకురాయితో అరగదీసి, అరచేత్తో నెట్టాడు. అడ్డ చెక్క గట్టిగా, నెమ్మదిగా లోపలికి పోయి కూచుంది. సందు లేదు.

మూడు మూలలూ అయ్యాక, నాలుగో మూల దగ్గర మిషనును యశోదమ్మ చేతుల్లో పెట్టాడు. ఆమె వెనక్కి జరిగింది. ఇన్నేళ్లూ పట్టుకోవడమే తప్ప ఆమె తొలిచింది లేదు.

"నేనీపొద్దు నేర్చుకోలేదా? నువ్వూ నేర్చుకో," అన్నాడు. ఆమె చేతుల మీద తన చేతులు వేసి, పారేసిన తుంట మీద ఒక బెజ్జం తొలిపించాడు. వంకరగా వచ్చింది. ఇంకోటి తొలిపించాడు. కాస్త నయం.

"రొంత కూచుంటా. టీ పెట్టుకోని రాపో."

గోడకు ఆనుకుని కాళ్లు చాపుకున్నాడు. యశోదమ్మ టీ తెచ్చేసరికి గడ్డం ఛాతీ మీదికి వాలి ఉంది. ఎప్పటిలాగే భుజం తట్టింది. ఈసారి అతను తల తిప్పలేదు. గ్లాసు కింద పెట్టి రెండో భుజం కూడా తట్టింది.

ముహూర్తం తప్పిపోయింది. పోయినవాడు సగంలో వదిలిన బంధం ఇంటికి వద్దని, ఆ చెక్కలు ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని చైతన్య ఇంటి పెద్దవాళ్లన్నారు. దినాలు కాగానే చైతన్య షెడ్డుకు వచ్చాడు.

"ఇంగో ముహూర్తం పెట్టించినా అత్తా. ఆ మిగిలిన మూల నువ్వే తొలిచి ఇయ్యి."

"కొత్తింటి వాకిలప్పా అది. నా చెయ్యి తగలొచ్చునా? జనం ఏమంటారో."

"అననీ. చెట్టు నాది, ఇల్లు నాది."

 యశోదమ్మ తుంటలు ఏరుకుని, బెజ్జం మీద బెజ్జం తొలుస్తూ పోయింది. చెయ్యి కుదిరిందనుకున్నాక నిలువు చెక్క మీద గాటు పెట్టి మిషను ఎత్తింది. రెండో కొస చైతన్య పట్టుకున్నాడు. బంధాన్ని బండికి ఎక్కించేముందు అతను నాలుగు మూలలనూ చేత్తో తడిమాడు. ఏది ఎవరు తొలిచిందో చేతికి తెలియలేదు.

బండి పోయాక యశోదమ్మ షెడ్డు ఊడ్చింది. కిటికీ దిమ్మె మీది దుమ్ము తుడవబోయి చెయ్యి ఆపింది. అక్కడ వేలెడు పెన్సిలు ముక్క ఒకటి, వెనక కొస నిండా పంటి గాట్లతో.