మామగారి అసలు ఇంటిపేరు

మన తెలుగువాళ్ళకి కొత్త మనిషి కనిపిస్తే ఇంటిపేరు అడగందే అన్నం అరగదు. నాకూ అదే జబ్బు. పెళ్ళైన కొత్తలో, కాలిఫోర్నియా సన్నీవేల్‌లో అత్తవారింటి వంటగదిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మామగారు హెన్రీ వాంగ్‌ని అడిగేశాను, ఈ వాంగ్ అనే ఇంటిపేరు ఏ ఊరినుంచి వచ్చిందని.

ఆయన కూడా ఒక కాయ తీసుకుని ఈనె లాగారు. తర్వాత నెమ్మదిగా చెప్పారు. వాళ్ళది వాంగ్ కాదు, మాక్. దక్షిణ చైనాలో ఒక చిన్న ఊరు, ఊరంతా మాక్‌లే. అప్పట్లో చైనావాళ్ళని అమెరికాలోకి రానిచ్చేవారు కాదు, ఇక్కడి పౌరుల పిల్లలకి మాత్రం మినహాయింపు. అందుకని మామగారి నాన్న పన్నెండేళ్ళప్పుడు ఇక్కడి పౌరుడైన వాంగ్ అనే ఆయన కొడుకునని కాగితాలు పుట్టించుకుని ఓడెక్కాడు. అధికారులు అడుగుతారని, తనెన్నడూ చూడని ఆ వాంగ్‌ల ఇంటికి కిటికీలెన్నో, గుమ్మం ఎటువైపో బట్టీపట్టాడు. బతికినంతకాలం తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాడట.

"డెరెక్‌కి కూడా చెప్పలేదు. వాడెప్పుడూ అడగలేదు. నువ్వు అడిగావు చంద్రికా," అన్నారు.

డెరెక్ అంటే మా ఆయన. కొడుక్కి తెలియనిది నాకు చెప్పారని పొంగిపోయాను. ఎవరికీ చెప్పొద్దని ఆయన విడిగా అనలేదు. అనాలా? వీసా కాగితాల్లో ఒక్క తేదీ తేడా వస్తే నెలంతా కంటిమీద కునుకులేనిదాన్ని, నాకే తెలిసి ఉండాల్సింది.

ఆయన ఎనభయ్యో పుట్టినరోజుకి నా ఉత్సాహం వెర్రితలలు వేసింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక పెద్దాయన చేత ఎర్రపట్టు మీద చైనా అక్షరాలు రాయించాను, మాక్ వంశానికి పెద్దదిక్కు అని. విందు పెట్టుకున్న రెస్టారెంట్ గోడకి కట్టించాను. ఆయన కళ్ళు చెమరుస్తాయనుకున్నాను.

డెరెక్‌కి చైనా భాష చదవడం రాదు. విందుకొచ్చిన ముసలివాళ్ళకి వచ్చు. ఈ మాక్ ఎవరని ఒకాయన అడిగాడు. మామగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయినా నవ్వారు.

"మా కోడలు ఇండియా అమ్మాయి. మా సంగతులు తనకేం తెలుసు? షాపువాడు ఎవరిదో ఇచ్చి పంపాడు."

అందరూ నవ్వారు. డెరెక్ కూడా నవ్వాడు. నేనూ నవ్వాను.

మర్నాడు వెళ్ళి క్షమించమన్నాను. ఆయన కోప్పడలేదు, పర్వాలేదన్నారు. కోప్పడి ఉంటే బాగుండేది. ఆ తర్వాత నాతో వాతావరణం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

పోయిన నెల మా అమ్మాయి సాన్వికి స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారు. అది అట్టా, రంగులూ పట్టుకుని తాత పక్కన చేరి, మన ఇంటిపేరు ఎక్కడిది అని అడిగింది. ఇన్నేళ్ళకి ఆయన రక్తంలోంచే ఒకరు అడిగారు. చెప్పండి మామగారూ అని లోలోపల బతిమాలుకున్నాను.

ఆయన తలెత్తి నావైపు చూశారు.

"వాంగ్," అన్నారు. "మొదట్నుంచీ వాంగే."

సాన్వి చెట్టు చిటారుకొమ్మ దాకా అదే రాసుకుంటూ పోయింది. రాసి నాకు చూపించి, సరిగ్గా ఉందా అమ్మా అంది.

ఉందన్నాను.