నాలుగో అంచు

"నాలుగో అంచు ముట్టకు. గది తిరుపతమ్మ కుడ్తది" అంది నాగవ్వ, కోడలు సూదిలో దారం ఎక్కించకముందే.

స్నేహలత తలెత్తలేదు. అంట్లు తోమి, అత్తగారికి షుగర్ గోలీ అందించి, మోటార్ వైండింగ్ దుకాణానికి వెళ్లే భర్త నరేందర్‌కు టిఫిన్ డబ్బా కట్టి, ఎవరివో జాకెట్లకు హుక్కులు కుట్టి, ఇదిగో ఇప్పటికి తన పని ముందు కూర్చుంది. ఒళ్లో పాత నూలు చీరలు, మధ్యలో పొరగా వేయడానికి చనిపోయిన మామగారి ధోవతి. ఉతికి ఉతికి మెత్తబడిన బట్టలు. పసిపిల్లల ఒంటికి కొత్త బట్ట గరుకు, పాత బట్టే హాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పాత బట్టను బొంత చేసే ఓపిక మాత్రం స్నేహలత ఒక్కదానికే ఉండాలి.

నాలుగో అంచు అంటే, అది నాగవ్వ ఇంటి ఆచారం. పుట్టిన బిడ్డకు బొంత కుట్టేటప్పుడు మూడు అంచులు ఎవరు మూసినా పర్లేదు. నాలుగోది తెరిచే ఉంచి తొట్లె నాడు, అంటే బిడ్డను ఉయ్యాలలో వేసే రోజు, నలుగురి ముందూ పిల్లలున్న ఆడమనిషి చేత కుట్టించాలి. అప్పుడుగానీ అది బొంత కాదట, అప్పటిదాకా ఒట్టి గుడ్డలేనట. అబ్బో, ఎంత బాగా ఆలోచించారో చూడండి! చీరలు చింపేది, పొరలు సర్దేది, ముడి పైకి తేలితే పసిదానికి గుచ్చుకుంటుందని ప్రతి ముడినీ లోపలికి తోసి దాచేది, నడుము విరిగేలా వరస వెంట వరస కుట్టేది పిల్లల్లేని స్నేహలత. చివర్లో పట్టుచీర కట్టుకొచ్చి నాలుగు కుట్లు వేసి మెప్పు పొందేది ఏరాలు తిరుపతమ్మ. మరిది శేఖర్ భార్య. ఇద్దరు కొడుకుల తల్లి.

మొదటిసారి ఈ ఆచారం తెలిసింది తిరుపతమ్మ పెద్దకొడుకు శ్రావణ్ పుట్టినప్పుడు. స్నేహలత ఎంత సంబరంగా కుట్టిందని! చివరి అంచు మడుస్తుంటే నాగవ్వ వచ్చి చేతిలోంచి సూది తీసుకుంది. పెద్ద మాటేం అనలేదు. "నీ సెయ్యి వద్దు బిడ్డా" అంది, అంతే. బిడ్డా అని కూడా అంది. స్నేహలత స్నానాల గదిలో నల్లా విప్పుకుని ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి అందరికీ చాయ్ పెట్టింది. తర్వాత మరిదికి రెండో కొడుకు పుట్టాడు, చుట్టాల్లో ఇంకెవరెవరికో పుట్టారు. అన్ని బొంతలూ తనే కుట్టింది. ఎవరూ చెప్పకముందే నాలుగో అంచు వదిలేయడం నేర్చుకుంది. తలుచుకుంటే అదే ఎక్కువ మండుతుంది ఆమెకు, వాళ్లు లాక్కున్నదానికన్నా తను అలవాటుపడ్డదే. నిజామాబాద్‌లో, హైదరాబాద్‌లో ఎన్ని ఆసుపత్రులు తిరిగింది, ఎన్ని పరీక్షలు చేయించుకుంది! నరేందర్ ఒక్కసారైనా ఆసుపత్రి మెట్టెక్కలేదు. "నాకేమైంది? నేను మంచిగనే ఉన్న" అనేవాడు. ఆయనను వాడకట్టులో ఎవరూ ఏమీ అనలేదు. ఏ పేరంటంలోనైనా పక్కకు జరగాల్సింది ఆమే.

ఈసారి బొంత దీక్షిత కూతురికి. దీక్షిత ఆడబిడ్డ కూతురు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా బోధన్‌లో ఈ ఇంట్లోనే ఉండి చదివింది. ఆ పిల్లకు పేలు దువ్వింది, జడలు వేసింది, పరీక్షల జ్వరాలకు గంజి కాచింది, పెద్దమనిషి అయిన రోజు భయపడి ఏడుస్తుంటే దగ్గర కూర్చోబెట్టుకుని విడమరిచి చెప్పింది స్నేహలతే. ఇప్పుడా పిల్లకే పిల్ల. నిజామాబాద్ నుంచి ఫోన్ చేసింది. "అత్తా, నా బిడ్డకు బొంత నువ్వే కుట్టాలె. దుకాణంల అమ్మేటియి నాకొద్దు."

రాత్రి అన్నం వడ్డిస్తూ నరేందర్‌తో అంది స్నేహలత, "దీక్షిత బిడ్డ బొంత మొత్తం నేనే కుడ్త."

"మల్లేం లొల్లి? ఒక్క అంచే కదా. ఏంబోయింది నీది? ముసలామెను ఊకె ఎందుకు పరేషాన్ చేసుడు?" అని పప్పు కలుపుకున్నాడు నరేందర్.

ఒక్క అంచే కదా. పళ్లెం తీసి, కింద పడ్డ మెతుకులు ఏరి, మళ్లీ బొంత ముందు కూర్చున్నా ఆ మాట ఆమెను వదల్లేదు. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి వింటూనే ఉంది కదా. అమ్మగారింటికి పోతానంటే, ఒక్క పండుగే కదా, ఆగు. జ్వరంతో పడుకుంటే, చుట్టాలొచ్చిండ్రు, ఒక్క పూటే కదా, లెవ్వు. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని పగలంతా జాకెట్లు కుట్టేది తను. వాకిట్లో వేలాడే బోర్డు మీద ఉన్నది "నాగవ్వ లేడీస్ టైలర్స్". ఆ నాగవ్వ జన్మలో సూదికి దారం ఎక్కించి ఎరగదు. అదేమని అడిగితే, ఒక్క పేరే కదా అన్నాడు ఈ మహానుభావుడు. అన్నీ ఒక్కటొక్కటే. అన్నీ చిన్నవే. అంత చిన్నవైతే ఒక్కటైనా ఆయన వదులుకోడేం? వీళ్లకు తన చెయ్యి పనికొస్తుంది. అన్నానికి పనికొస్తుంది, అంట్లకు పనికొస్తుంది, పురిటి గుడ్డలు ఉతకడానికి భేషుగ్గా పనికొస్తుంది. పేరొచ్చే చోటికి రాగానే అదే చేతికి దోషం వచ్చేస్తుంది! స్నేహలతకు ఒళ్లు మండింది. కన్నీళ్లు వస్తాయేమోనని చూసుకుంది, రాలేదు. నాలుగో అంచు లోపలికి మడిచి, ఎప్పుడూ వేసేదానికన్నా దగ్గర దగ్గరగా, గట్టిగా కుట్టుకుంటూ పోయింది. చివర ముడి వేసి దారం పంటితో తెంపింది.

ఇరవై ఒకటో రోజు తొట్లె. అందరూ బస్సులో నిజామాబాద్ వెళ్లారు. బొంత సంచి స్నేహలత ఒళ్లోనే ఉంది. ఆడబిడ్డ ఇంటి నిండా చుట్టాలు. పోగానే "వదినా, జెర బగారన్నం కాడ సూడు" అని ఆడబిడ్డ ఆమెను వెనక వంటల దగ్గరికి పంపబోయింది. "తర్వాత సూస్త" అని తొట్లె పక్కనే నిలబడింది స్నేహలత.

నాగవ్వ బొంత విప్పి అందరికీ చూపించింది. ఆడవాళ్లు ఎంత మంచిగుందో అన్నారు. తిరుపతమ్మ దారం ఎక్కించిన సూదితో తయారుగా ఉంది. నాగవ్వ వేళ్లు ఒక అంచు తడిమాయి, ఇంకోటి తడిమాయి, చుట్టూ తిరిగి మొదటికొచ్చాయి.

"గిదేంది? మొత్తం మూసినవా? ఎవరు కుట్టిండ్రు?"

"నేనే కుట్టిన అత్తమ్మా."

నరేందర్ దగ్గరికొచ్చి పళ్లు బిగించి, "నలుగుర్ల ఇజ్జత్ తీస్తున్నవా? సప్పుడు చెయ్యక ఆ కుట్లు ఇప్పు" అన్నాడు. ఎవరో కత్తెర తెచ్చిచ్చారు. స్నేహలత అందుకుంది. హమ్మయ్య, దారికొచ్చింది అనుకున్నారంతా.

"ఇప్పుదాం" అంది స్నేహలత. "కానీ గా ఒక్క అంచే ఎందుకు అత్తమ్మా? తక్కిన మూడు అంచులు నేను కుట్టినయే. నడుమ కుట్లన్ని నేను కుట్టినయే. నా సెయ్యి మంచిది కాకుంటే మొత్తం ఇప్పుండ్రి. గీ దీక్షిత గదే చేతి అన్నం తిని పెరిగింది. మరి దాన్నేం చేస్తరు?" కత్తెర అత్తగారి ముందు చాపింది. "తీస్కో. నువ్వే మొదలుపెట్టు."

నాగవ్వ కత్తెర ముట్టలేదు. ఓడిపోవడానికీ ఒప్పుకోలేదు. "తిరుపతమ్మా, నువ్వు ఇప్పు" అంది.

తిరుపతమ్మ ఒక అడుగు వేసి ఆగిపోయింది. మొహం ఎర్రగా కందిపోయింది. "నేను ఇప్ప అత్తమ్మా. మా శ్రావణ్‌గాని బొంతకు నేనేసిన కుట్లు మొదటి ఉతుకుకే ఊడిపోయినయ్. నువ్వు తిడ్తవని చెప్పలే. మల్ల కుట్టింది అక్కనే. మా చిన్నోనిది గూడ గంతే. ఇద్దరు గా బొంతల మీదనే పండి పెరిగిండ్రు. వాళ్లకేమైంది?"

స్నేహలత ఏరాలి వైపు చూసింది. ఇన్నేళ్లూ ఆ సంగతి తనూ బయట పెట్టలేదు, తిరుపతమ్మ మాట పడుతుందని. నాగవ్వ కొడుకు వైపు చూసింది. నరేందర్‌కు అక్కడ ఇక నిలబడటమే కష్టంగా ఉంది. "సరే తియ్, గా బొంతనే ఎయ్యనియ్యే అవ్వా, అయిపోతది" అని గొణిగాడు, తానేదో అనుమతి ఇస్తున్నట్టు.

"నేను నిన్ను అడగలే" అంది స్నేహలత.

కత్తెర కిటికీలో పెట్టింది. బొంత దులిపి తొట్లెలో పరిచింది. తర్వాత దీక్షిత ముందు రెండు చేతులూ చాపి, "పాపనియ్యి" అంది.

దీక్షిత తన తల్లి వైపు చూసింది, అమ్మమ్మ వైపు చూసింది. ఆ కాస్త ఆలస్యం స్నేహలతకు గుండెలో గుచ్చుకుంది. అయినా చేతులు దించలేదు. దీక్షిత బిడ్డను తెచ్చి ఆ చేతుల్లో పెట్టింది.

ఎంతమందికో బొంతలు కుట్టింది గానీ, ఒక్క బిడ్డనైనా తొట్లెలో వేసి ఎరగదు స్నేహలత. మెడ కింద చెయ్యి పెట్టి, తొందరపడకుండా వంగి, తల సరిగ్గా నాలుగో అంచు మీదికి వచ్చేలా పాపను పడుకోబెట్టింది.